ఎర్ర బంతి మౌస్

థౌరా పేటలో ఎవరు చచ్చినా వాళ్ల ముఖం ముందు చాసిబ్ బల్ల మీదికి రావాల్సిందే. జబ్బుతో పోయినవాడు, బాంబుకు పోయినవాడు, పక్కింటివాడి చేతిలో పోయినవాడు, అందరూ అతనికి ఒకటే. శవాన్ని నజఫ్ ఖబరస్థాన్‌లో పాతిపెట్టి మనుషులు తిరిగొచ్చేలోపు సందు మొదట్లో నల్ల బ్యానర్ వేలాడాలి. పైన ఖురాన్ వాక్యం, మధ్యలో ముఖం, కింద పేరు, తెగ, మూడు రోజుల సంతాపం డేరా ఎక్కడ వేశారో ఆ చోటు. పదకొండేళ్లుగా చాసిబ్ చేసింది అదే, చేయడం తెలిసింది కూడా అదే.

అతని కుడి చేతికి మూడు వేళ్లు. బొటనవేలు, ఉంగరపు వేలు, చిటికెన వేలు. మిగతా రెండూ రెండు వేల ఏడులో మ్రేదీ బజారులో కారు బాంబు పేలినప్పుడు ఎగిరిపోయాయి. ఎడమ చేతికి ఐదూ ఉన్నాయిగానీ మోచేతి కింద నరాలు తెగి, అది టీ గ్లాసు కూడా నిలబెట్టలేదు. అదే పేలుడులో తమ్ముడు ఫాదిల్ పోయాడు. పోయాడంటే మర్యాదగా చెప్పడం. వాణ్ణి దుప్పట్లో ఏరుకొచ్చారు.

అంతకుముందు చాసిబ్ కుంచెతో గుడ్డ మీద రాసేవాడు. కుంచె ఇక పట్టు దొరకలేదు. కంప్యూటర్ నేర్చుకుందామంటే మౌస్ లొంగలేదు, చూపుడు వేలు లేనివాడికి అది పట్టిచ్చేది కాదు. చివరికి ఏ బజారు వేళ్లు తీసుకుందో ఆ బజారే ఒక మౌస్ ఇచ్చింది. అమెరికా సైన్యం శిబిరాల నుంచి లారీల్లో వచ్చిన చెత్తలో దొరికింది. అరచేయంత వెడల్పు. బొటనవేలి కింద నిమ్మకాయంత ఎర్ర బంతి. బంతిని తిప్పితే తెర మీద బాణం కదులుతుంది. ముందు భాగమంతా ఒకటే వెడల్పాటి మీట, ఏ వేలు మిగిలినవాడు ఆ వేలితో నొక్కుకోవచ్చు. ఎవడో వేళ్లు తెగిన సిపాయి కోసమే చేశారని చాసిబ్ నమ్మకం. దాన్ని రోజూ స్పిరిట్ దూదితో తుడిచేవాడు. ఎవరి పేరున జనం తనను అబూ హౌరా, అంటే హౌరా తండ్రి, అంటారో ఆ కూతురిని కూడా తాకనిచ్చేవాడు కాదు.

దాంతో చేసిన మొదటి పని ఫాదిల్ పోయి ఏడాదైన రోజుకు బ్యానర్. తొమ్మిది గంటలు తమ్ముడి ముఖం కేసి చూస్తూ కూర్చున్నాడు. ఆ తర్వాత బతికున్న ఫాదిల్ ముఖం ఎంత తలచుకున్నా గుర్తు రాలేదు, బ్యానర్ మీది ముఖమే వచ్చేది. ఆ రోజు ఒట్టు పెట్టుకున్నాడు. చచ్చినవాడి ముఖం ఫోటోలోంచి కోసేటప్పుడు ఒక్కసారి చూడాలి, రెండోసారి చూడకూడదు. ముఖం పెట్టాక అక్షరాలే చూసేవాడు. అచ్చయిన బ్యానర్‌ను ముఖం లోపలికి వచ్చేలా చుట్టి, ఫాతిహా ప్రార్థన చదివి చేతికిచ్చేవాడు. ఆ పద్ధతిని జనం భక్తి అనుకున్నారు. భయం అని అతనికొక్కడికే తెలుసు.

ఆరు నెలల కిందట మౌస్ మీట అరిగిపోయింది. ఒకసారి నొక్కితే రెండు నొక్కులు పడేవి. పట్టుకుని లాగుతున్న బొమ్మను మధ్యదారిలో వదిలేసేది. చేసిన కంపెనీ ఆ రకాన్ని ఆపేసి ఎన్నో ఏళ్లయింది.

"దానికీ ముసలితనం వచ్చింది, వదిలెయ్యి," అంది భార్య సబ్రియా.

"నీకూ వచ్చింది. వదిలేశానా?" అన్నాడు చాసిబ్. ఆ రాత్రి అన్నం తానే వడ్డించుకున్నాడు.

రిసన్ అనే కుర్రాడు చనిపోయింది ఒక పావురం కోసం. అదే సందులో ఉండే స్నేహితుడు థామర్ పావురం వచ్చి రిసన్ మిద్దె మీద వాలింది, రిసన్ పట్టుకున్నాడు. పావురాలు ఎగరేసేవాళ్లలో అది మామూలే, చిక్కింది పట్టుకున్నవాడిదే. థామర్ వచ్చి అడిగాడు. రిసన్ ఇవ్వనన్నాడు, పైగా నవ్వాడు. థామర్ ఇంటికెళ్లి తుపాకీ తెచ్చి, చిన్నప్పటి నుంచి ఒకే పళ్లెంలో తిన్నవాడి మెడలోకి మూడు గుళ్లు దింపాడు. పావురం కూడా బతకలేదు.

మర్నాడు పొద్దున్నే రిసన్ మేనమామలు చాసిబ్ కొట్టుకు వచ్చారు. ఫోన్‌లో ఒకే ఒక్క మంచి ఫోటో ఉంది. మొన్న ఎవరిదో పెళ్లిలో తీసింది. ఇద్దరు కుర్రాళ్లు ఒకరి భుజం మీద ఒకరు చేయి వేసుకుని పళ్లన్నీ కనిపించేలా నవ్వుతున్నారు.

"కుడి పక్కనున్నవాడు మావాడు," అన్నాడు పెద్ద మేనమామ.

"రెండోవాడు?"

"వాణ్ణి కోసి పారెయ్." ఆయన గడప బయట ఉమ్మేశాడు.

చాసిబ్ తెర మీద ఇద్దరినీ విడదీశాడు. అక్కర్లేనివాణ్ణి పట్టుకుని చెత్తబుట్టలోకి లాగుతుంటే మీట వదిలేసింది. మళ్లీ నొక్కితే రెండు నొక్కులు పడ్డాయి. బయట శవం ఉన్న బండి హారన్ ఆగకుండా మోగుతోంది. ఎవరో ఒకరు బుట్టలోకి వెళ్లారు, ఒకరు తెర మీద మిగిలారు. కోసేటప్పుడు ఒకసారి చూశాడు కదా, రెండోసారి చూడలేదు. పేరు సరిచూసుకున్నాడు, తెగ పేరు సరిచూసుకున్నాడు, అచ్చేశాడు, ముఖం లోపలికి చుట్టి ఇచ్చాడు. నజఫ్ వెళ్లకుండా ఉండిపోయిన పిల్లలు నిచ్చెన వేసి దాన్ని సందు మొదట్లో కట్టారు. కట్టినవాళ్లు తాళ్లు చూసుకున్నారేగానీ ముఖం చూడలేదు.

మధ్యాహ్నం నజఫ్ నుంచి బస్సు వచ్చింది. ముందు దిగింది రిసన్ తల్లి నోఫా. తల ఎత్తితే, 'అన్యాయంగా నేలకొరిగిన అమరుడు రిసన్' అన్న అక్షరాల పైన, తన కొడుకును చంపినవాడు నవ్వుతూ కనిపించాడు.

పొద్దు వాలాక చేసే అస్ర్ నమాజు పిలుపు వినిపించిన కాసేపటికి నాలుగు పికప్ బళ్లు చాసిబ్ కొట్టు ముందు ఆగాయి. అతను వాటి చప్పుడు విన్నాడు, తల ఎత్తాడు, బల్ల కింద పడ్డాడు. ఆ పడటం పదకొండేళ్లుగా ఒళ్లు మరిచిపోని విద్య. మరుక్షణం అద్దం కురిసింది. బోర్డు తునకలైంది. తెర పగిలింది, నీళ్ల కూలర్ పొట్ట చీలి నేలంతా తడిసింది. గోడకున్న పాత బ్యానర్లలో చచ్చినవాళ్లు మళ్లీ చచ్చారు. పైన బల్ల మీద ఏదో టప్పున చితికింది.

"హంతకుడి ముఖం పెడతావట్రా మా శవం మీద? ఎంతకి అమ్ముడుపోయావురా కుక్కా?" అని బయట అరిచారు. ఏం జరిగిందో చాసిబ్‌కు అప్పుడు తెలిసింది.

కాల్చడం ఆపి, దిగి, షట్టర్ మీద ఎర్ర రంగుతో 'నెత్తురు బాకీ' అని రాసి వెళ్లిపోయారు. చాసిబ్ బయటికొచ్చి ముందు ఆ అక్షరాలే చూశాడు. అంత అసహ్యమైన రాత తన షట్టర్ మీద ఉన్నందుకు కూడా కోపం వచ్చింది. లోపలికి వెళ్లి చూస్తే కంప్యూటర్ పెట్టె బాగుంది, అచ్చు యంత్రం మూత మీద ఒక్క చిల్లు పడింది. మౌస్ నడుం మీద నుంచి గుండు వెళ్లింది. ఎర్ర బంతి నీళ్లలో దొర్లి రెండు చెక్కలుగా పడుంది. చాసిబ్ తడి నేల మీద కూలబడి, ఆ చెక్కలు ఒడిలో పెట్టుకుని బూతులు తిట్టాడు. చంపడానికి వచ్చినవాళ్లను తిట్టాడు, కంపెనీని తిట్టాడు, చివరికి తన కళ్లను తిట్టుకున్నాడు.

పేట పెద్ద సయ్యద్ సాయంత్రానికల్లా మధ్యలో దూరి గడువు తెచ్చాడు. సబ్రియా వాకిట్లోనే ఆయనకు టీ ఇచ్చింది.

"డబ్బు వద్దందిరా ఆ తల్లి," అన్నాడు సయ్యద్. "క్షమాపణ కూడా వద్దంది. ఏ చేయి నా బిడ్డను చెరిపేసిందో ఆ చేయే తిరిగి పెట్టాలంది. మూడో రోజు అస్ర్ లోపు, డేరా ఎత్తకముందే. పెట్టకపోతే..."

"పెట్టకపోతే?"

"ఆ చేయి తనకి ఇచ్చెయ్యమంది. ఆవిడ సరదాగా మాట్లాడే మనిషి కాదు అబూ హౌరా."

సయ్యద్ వెళ్లగానే సబ్రియా గౌను చేతులు పైకి మడిచింది. "నువ్వు చెప్తుండు, నేను నొక్కుతా. లేదా హౌరా నొక్కుతుంది. దానికి వేళ్లన్నీ ఉన్నాయి."

"అప్పుడది నా చేయెలా అవుతుందే? తెలిస్తే ఈసారి ఇంటికొస్తారు కాల్చడానికి."

"రోషానికి మాత్రం తక్కువ లేదు. ఉన్న మూడు వేళ్లూ పోయాక ఏం చూసుకుని విర్రవీగుతావో చూస్తా." తిట్టి, లోపలికెళ్లి ఏడ్చింది. అతనికి వినపడాలనే గట్టిగా ఏడ్చింది.

మర్నాడు చాసిబ్ సినాఆ వీధికి వెళ్లాడు. కంప్యూటర్ సామానంతా ఆ వీధిలోనే. మొదటి కొట్టు నుంచి చివరి కొట్టు దాకా చితికిన మౌస్ చూపిస్తూ తిరిగాడు. కొందరు తల ఊపారు, కొందరు దాంట్లో గుండు చిల్లు చూసి ఫోటో తీసుకున్నారు. చివరిది ఫర్కద్ కొట్టు. ఫర్కద్ ఆరు నెలలుగా ఇదే ప్రశ్న వింటున్నవాడు.

"మళ్లీ వచ్చావా అబూ హౌరా? లేదని ఎన్నిసార్లు చెప్పను? కంపెనీయే దాన్ని పూడ్చిపెట్టింది. ఇదిగో, బంతి ఉన్నవి వీటిల్లో చూసుకో."

చాసిబ్ ఒక్కొక్కటే చేతి కింద పెట్టి చూశాడు. బంతి ఉందిగానీ మీట సన్నం, సరిగ్గా తన చూపుడు వేలు లేనిచోట ఉంది. బొటనవేలు బంతి మీద ఉంచితే ఉంగరపు వేలు మీటకు అందదు. అందించబోతే బంతి జారిపోతుంది. ఏడోది కూడా పక్కకు నెట్టాడు.

ఫర్కద్ ఆవులించి పక్క కొట్టువాడికి కన్ను గీటాడు. "ఈయనకి కావాల్సింది మౌస్ కాదురా. రెండు వేళ్లు. చైనావాళ్లు అవింకా మొదలెట్టలేదు."

పక్కవాడు ఇకిలించాడు. చాసిబ్ బల్ల మీదుగా వంగి, తలతో ఫర్కద్ ముక్కు మీద గుద్దాడు. టక్‌మని ఎముక విరిగిన చప్పుడు ఇద్దరికీ వినిపించింది. నెత్తురు కొత్త కీబోర్డుల మీద చిమ్మింది. ఇకిలించినవాడు స్టూలు ఎత్తి చాసిబ్ వీపు మీద బాదాడు. వీధివీధంతా వచ్చిపడింది. ఎవడు ఎందుకు కొడుతున్నాడో తెలియకుండానే నలుగురు నాలుగు తన్నులు తన్ని అతన్ని రోడ్డు మీదికి ఈడ్చిపడేశారు.

ఒక డబ్బా వచ్చి అతని మెడకు తగిలింది. ఫర్కద్ ముక్కుకు తువ్వాలు అదుముకుని గుమ్మంలో నిలబడ్డాడు. "దాన్నైనా తీసుకుపోయి అలవాటు చేసుకో! నీ డబ్బూ వద్దు, నీ ముఖమూ వద్దు!" అని అరిచాడు. నోఫా పెట్టిన గడువు కబురు అప్పటికే ఊరంతా తిరిగింది, ఫర్కద్‌కూ తెలుసు. డబ్బాలో సన్న మీట ఉన్న బంతి మౌస్ ఒకటి ఉంది.

చాసిబ్ మిగతా రోజంతా దాంతో కుస్తీ పట్టాడు. మొండి వేలితో మీటను పొడిచి పొడిచి పాత గాటు తెరుచుకుంది. పగిలిన తెర బదులు ఇంటి నుంచి తెచ్చిన హౌరా తెర మీద రిసన్ ముఖం అంచులు వంకర్లు పోయాయి, చెవి తెగింది, ఒకసారి గొంతే తెగింది. నెత్తురు బంతి సందులోకి దిగి అది తిరగనని మొరాయించింది. చాసిబ్ బల్లను గుద్దాడు, గోడను గుద్దాడు. సబ్రియా గుమ్మంలో నిలబడి చూసింది.

మూడో రోజు పొద్దున్నే మ్రేదీకి పోయాడు. చెత్త సామాను గుట్టల మధ్య ష్నావా అనే ముసలాయన గొడుగు కింద కూర్చుని సిగరెట్ కాలుస్తున్నాడు. చాసిబ్ మోకాళ్ల మీద కూర్చుని తవ్వాడు. హెల్మెట్ పట్టీలు, చార్జర్లు, రేడియో పొట్టలు, బూట్లు. గుట్ట అడుగున ఎర్రగా ఏదో మెరిసింది. లాగాడు. అదే వెడల్పు, అదే ఒంటి మీట, అదే ఎర్ర బంతి. బొటనవేలు పెడితే గిర్రున తిరిగింది. మీట ఒక్క నొక్కుకి ఒక్కసారే టక్‌మంది. చాసిబ్ దాన్ని పెదాలకు ఆనించుకున్నాడు. ఫాదిల్ పోయాక అతనికి అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

"ఎంత చిన్నాన్నా?"

ష్నావా మౌస్ చూడలేదు, పట్టుకున్న చేయి చూశాడు. "మూడు వేళ్లు. బ్యానర్ల చాసిబ్‌వి నువ్వేనా?"

"నేనే. ఇస్తే మీ దయ చిన్నాన్నా, ఇవాళ అస్ర్ లోపు..."

"ఇలా తే, తుడిచిస్తా."

ఇచ్చాడు. పిచ్చివాడు, చేతులారా ఇచ్చాడు. ష్నావా దాన్ని ఇనుప దిమ్మె మీద పెట్టి, పక్కనున్న సుత్తి ఎత్తి ఒక్క దెబ్బ వేశాడు. ఎర్ర బంతి చిట్లి పెంకులు గొడుగు దాకా ఎగిరాయి. ఇంకో దెబ్బ వేశాడు. మూడోది కూడా వేశాడు.

"రిసన్ నా మేనకోడలి కొడుకురా," అన్నాడు పళ్లు బిగించి. "నీ బ్యానర్ చూసి ఆ పిల్ల తలను కరెంటు స్తంభానికేసి బాదుకుంది. ఇప్పుడు దేంతో చేస్తావో చెయ్యి."

చాసిబ్ అతని గొంతు పట్టుకున్నాడు. మూడు వేళ్ల పట్టు కంఠంలోకి దిగింది. ముసలాయన కళ్లు తేలేస్తూనే సుత్తి విసిరాడు. అది చాసిబ్ భుజం ఎముక మీద పడింది. ఇద్దరూ చెత్తలో దొర్లారు. జనం విడదీసేసరికి ఒకడి నోట్లోంచి నురుగు వస్తోంది, ఒకడి చేయి వేలాడుతోంది. అదృష్టవశాత్తూ వేలాడింది ఎడమది.

చాసిబ్ కొట్టుకు వచ్చి, పగిలిన అద్దాల మధ్య కుర్చీలో కూర్చున్నాడు. కుడి చేతిని ఒళ్లో పెట్టుకుని దాన్నే చూస్తున్నాడు. ఇక పోతుంది కదా అన్నట్టు చూస్తున్నాడు.

మధ్యాహ్నం నమాజు కాగానే బయట బండి ఆగింది. పెద్ద మేనమామ తుపాకీతో దిగాడు. వెనక నోఫా దిగింది. ఒళ్లంతా కప్పే నల్ల అబాయా, నుదుటి మీద ఎండిన నెత్తురు చారిక. ఆమె ష్నావాను చొక్కా కాలర్ పట్టుకుని ఈడ్చుకుంటూ వచ్చింది. గడప దగ్గర అతన్ని నిలబెట్టి చెంప ఛెళ్లుమనిపించింది. వరసకు పెద్దవాడన్న మాటే చూడలేదు.

"నా బిడ్డను తెచ్చి పెట్టమని గడువిచ్చింది నేను. వాడి చేతిలో పనిముట్టు విరగ్గొట్టడానికి నువ్వెవడివి? నీకెవడు చెప్పాడు?" మళ్లీ ఒకటి కొట్టింది. ఆ తర్వాత చాసిబ్ వైపు తిరిగింది. "లే. చెయ్యి."

"చేయలేనమ్మా. ఉమ్ రిసన్, రిసన్ తల్లీ, నా దగ్గరిప్పుడు ఆ మౌస్ లేదు. ఉన్నదానికి మీట నా వేలు లేనిచోట ఉంది."

"ఎక్కడుంది?"

చూపించాడు. నోఫా స్టూలు లాక్కుని పక్కన కూర్చుంది. నీలి పచ్చబొట్టు చుక్కలున్న తన చూపుడు వేలును తెచ్చి, అతని మొండి వేలి పక్కన, ఆ సన్న మీట మీద పెట్టింది. తోబుట్టువు వేలు పరాయి మగవాడి చేతిని తాకడం చూడలేక, తుపాకీ పట్టుకున్న మేనమామ ముఖం తిప్పుకున్నాడు.

"చేయి నీది. వేలు నాది. తిప్పు."

హౌరా స్కూలు పని చేసుకునే చిన్న తెర మీద ఇద్దరు కుర్రాళ్లు నవ్వుతున్నారు. చాసిబ్ అలవాటుగా కళ్లు పక్కకు తిప్పుకున్నాడు.

"అటెక్కడ చూస్తున్నావు?" అంది నోఫా. "ఒక్కసారే చూస్తావటగా? అందుకే కదరా నా బిడ్డ పోయాడు! చూడు. అయిపోయేదాకా చూడు."

చూశాడు. బంతి తిప్పాడు. 'ఇప్పుడు' అన్నాడు, ఆమె నొక్కింది. 'పట్టుకో, వదలకు' అన్నాడు.

"నా బిడ్డను నేను వదులుతానా?"

వదల్లేదు. మెడ, చెవి, జుట్టు, ఒక్కో అంచూ ఇద్దరూ కలిసి చుట్టి వచ్చారు. ఆమె వేలు ఎర్రబడింది, అయినా ఎత్తలేదు. రిసన్ ఒంటరిగా తెర మధ్యలోకి వచ్చాడు. ఎడమ భుజం మీద మాత్రం నాలుగు వేళ్లు మిగిలాయి.

"అవెవరివి?"

"రెండోవాడివే."

నోఫా అబాయా లోపలి నుంచి మడిచిన బ్యానర్ ముక్క తీసి బల్ల మీద పరిచింది. మొదటి రోజు చింపేసిన బ్యానర్‌లోది. థామర్ భుజం మీద వేసిన రిసన్ చేయి. నీ తప్పు బ్యానర్‌లో నా బిడ్డది మిగిలింది ఇదొక్కటే, దీని మీదే తల పెట్టుకుని పడుకుంటున్నానని చెప్పింది.

"నా బిడ్డతోపాటు వాడికీ నా చేత్తో ముద్దలు కలిపి పెట్టానురా," అంది. "కొయ్యి."

"ఇప్పుడు," అన్నాడు చాసిబ్. చిటికెన వేలు పోయింది. "ఇప్పుడు." ఇంకోటి పోయింది. నాలుగూ పోయేసరికి ఇద్దరి ముఖాలూ తడిసి ఉన్నాయి. అస్ర్ పిలుపుకు ముందే బ్యానర్ సందు మొదట్లో వేలాడింది. ముఖం బయటికి పెట్టి మోసుకెళ్లారు. కిందినుంచి చాసిబ్ దాన్ని కళ్లార్పకుండా చూశాడు. షట్టర్ మీది ఎర్ర రాతను మేనమామే కిరసనాయిలుతో తుడిచాడు.

ఆ తర్వాత చాసిబ్ మౌస్ కోసం వెతకలేదు. ఎవరు ఫోటో తెచ్చినా ఫర్కద్ విసిరిన మౌస్ ముందు కూర్చోబెడతాడు. బంతి తను తిప్పుతాడు, మీట చచ్చినవాడి ఇంటివాళ్లు నొక్కుతారు. వేరే కొట్టులో తొందరగా అయిపోతుందని వెళ్లిపోయేవాళ్లు కొందరున్నారు. చాలామంది కూర్చుంటారు.

ఆరు నెలలకు థామర్‌ను పట్టపగలు టీ కొట్టు ముందు నరికేశారు. ఎవరు నరికారో అందరికీ తెలుసు, ఎవరూ చెప్పరు. మర్నాడు అతని తల్లి వచ్చింది. ఫోన్ చాపింది.

"మంచిది ఇదొక్కటే ఉంది నాయనా."

అదే పెళ్లి. అవే పళ్లు. చాసిబ్ స్టూలు జరిపాడు, ఆమె కూర్చుని మీట మీద వేలు పెట్టింది. థామర్ అంచుల వెంట బంతి తిప్పుకుంటూ వచ్చి, చివరికి అతని భుజం మీదున్న రిసన్ చేతి దగ్గర ఆపాడు. అది బ్యానర్ మీద ఉంటే ఏమవుతుందో, సందు చివరి ఇల్లు రిసన్ తల్లిదేనని ఇద్దరికీ తెలుసు.

"ఇప్పుడు," అన్నాడు చాసిబ్.

ఆమె నొక్కలేదు. అతను రెండోసారి చెప్పలేదు. రిసన్ చేయి అక్కడే ఉండిపోయింది.